చల్లని చేతి ఉప్పు

కట్లు విప్పాకే బరువు చూడాలి, కట్లతో చూస్తే అందులో గాజుగుడ్డ బరువు, పూసిన మందు బరువు, కారిన రసి బరువు అన్నీ కలిసిపోతాయి, అందుకని బుధవారం ఒక్కరోజే, పాత కట్టు విప్పి కొత్తది కట్టేలోపు దొరికే ఆ రెండు నిమిషాల్లోనే, మత్తులో ఉన్న పిల్లని, మదాలోని, ఎనలేసి సిస్టర్ రెండు చేతుల మీద ఎత్తి తూకం మీద పడుకోబెడుతుంది. ఈ కాలిన పిల్లల వార్డులో తిండి లెక్కలూ వంటా నావే, అందుకే ఆ అంకె కోసం నేను డ్రెస్సింగ్ గది బయట బల్ల మీద, మిగతా పిల్లల తల్లుల పక్కన కూర్చున్నాను. తొమ్మిదింటికి తలుపు మూశారు, పదింటికి తెరుస్తారు. పధ్నాలుగు కిలోలు. ఆరేళ్ళ పిల్లకి పధ్నాలుగు అడగడం పెద్ద ఆశేమీ కాదు, కానీ అదుంటే చాలు, రేపు సర్జన్ దాని మోకాలి వెనక చర్మం అతికిస్తాడు. లేకపోతే లేదు. "అతికించిన చర్మం బతకాలంటే ఒంట్లో ఏదో ఒకటి ఉండాలి కదమ్మా, ఎముకల మీద అతికించమంటావా?" అన్నాడాయన పోయిన వారం, కోపంగా కూడా అనలేదు. అతికించడం ఆలస్యమైన ప్రతి వారం ఆ మోకాలు వంగినచోటే ఇంకాస్త బిగుసుకుంటోంది. ఇప్పటికే సగానికి మించి చాచలేకపోతోంది. ఇంకో నెల పోతే ఆ పిల్ల జన్మంతా కొంగలా ఒంటికాలి మీద నిలబడుతుంది.

బయట చిపెరోని వాన. ఇది వాన కూడా కాదు, కొండ మీది మబ్బు కిందికి దిగొచ్చి ఊళ్ళో కూర్చున్నట్టుంటుంది, గొడుగు వేసుకున్నా ముక్కు తడుస్తుంది. నాకు మాత్రం ఈ చలికాలం అంటే ఎంత ఇష్టమో, ఎందుకంటే మా పెళ్ళికి మా అత్తగారు పెట్టిన రెండు చితెంజే బట్టలూ ఒకదాని మీద ఒకటి కప్పుకోవచ్చు, పైది పసుపు మీద నీలి చేపలు, కిందిది ఎవరికీ కనిపించదు కానీ అదున్నట్టు నాకు తెలుసు. పెళ్ళయి పది వారాలు. ఇంకా ఎవరైనా "మిసెస్ ముసుక్వా" అని పిలిస్తే వెనక్కి తిరిగి మా అత్తగారు వచ్చిందేమోనని చూస్తాను. మా ఇంట్లో కెటిల్ ఈల వేస్తుంది, నీళ్ళు మరిగినప్పుడు మొదట సన్నగా, తర్వాత మేకపిల్ల అరిచినట్టు, మొదటి వారం దాన్ని విని మా ఆయన లుసుంగు మంచం మీంచి లేచి "మేక ఎవరిది?" అన్నాడు, నేను నవ్వి నవ్వి టీ ఒలకబోశాను. పళ్ళు తోముకుంటూ పాడతాడు. ఉడకబెట్టిన వేరుశనగకాయలు ఒలిచి పప్పులన్నీ నా వైపు, తొక్కలన్నీ తన వైపు పెట్టుకుంటాడు, తను తినేది మాత్రం నా వైపు నుంచే. మూడు వారాలు. అంతే, తర్వాత కరోంగా నుంచి కబురొచ్చింది, వానాకాలంలో కొట్టుకుపోయిన వంతెనలన్నీ ఎండాకాలంలోనే కట్టాలి, కొలతలు తీసే మనిషి లేకపోతే పని ఆగిపోతుంది. దేశానికి ఆ చివర కరోంగా, ఈ చివర నేను. వచ్చే శనివారం వస్తానన్నాడు.

వార్డులో ఆడవాళ్ళు ఊరుకుంటారా. సోమవారం పొద్దున నేను పళ్ళాలతో అడుగుపెట్టానో లేదో దొరికా అనే ఆవిడ మొదలుపెడుతుంది, తన కొడుకు మంచం పక్కన చాప మీంచే, గొంతు మాత్రం ఆ చివరి మంచానికి వినపడేట్టు. "ఏమ్మా పెళ్ళికూతురా, వచ్చాడా మొన్న శనివారం మీ ఆయన?" ఇంకొకావిడ అందుకుంటుంది. "అడగాలా? ఆ నడక చూస్తే తెలీట్లా!" "మొహం చూడవే, నూనె రాసినట్టు లేదూ!" అందరూ ఒకటే నవ్వు, ఒకావిడ నాలుక ఆడిస్తూ కేరింత కూడా పెడుతుంది, కాళ్ళు చేతులు కాలిన పిల్లలు కూడా ఏమిటో తెలీకుండానే నవ్వుతారు. మదాలో అయితే నన్ను గుడ్లమ్మా అని పిలుస్తుంది. "గుడ్లమ్మా, మీ ఆయనక్కూడా రోజూ గుడ్లే పెడతావా?" అంది ఒకసారి. ఆ నవ్వు కోసమే మొదటి సోమవారం "ఊఁ, వచ్చాడు" అన్నాను. ఏమవుతుంది, ఆ వారం కాకపోతే పై వారం వస్తాడు, అప్పుడు ముందే చెప్పిన నిజం అవుతుంది. పై సోమవారం కూడా అన్నాను. నాలుగో వారానికి నాకు అలవాటైపోయింది, కుళాయి బాగుచేసి వెళ్ళాడని, చీకట్లో కోడి కూయకముందే బస్సెక్కాడని, దారిలో నిద్రపోయి రెండు ఊళ్ళు దాటి దిగాడని చెప్పాను, ఆ చివరిదానికి నాకే నవ్వొచ్చింది, నిజంగా అలాగే చేస్తాడు. అయిదో వారం సంతలో ఎండు ఉసిపా చేపలు కొని, ఆయన సామాను చుట్టుకొచ్చిన పాత పేపరు ఇంట్లో ఉంటే అందులో చుట్టి, "మీ అందరికీ ఇమ్మన్నాడు" అని పంచాను. ఇంటికెళ్ళి ఆ రాత్రి ఆయన దిండు ఆయన వైపే పెట్టి, మధ్యలో గోడలా నా ఉన్ని కోటు పెట్టి పడుకున్నాను. కెటిల్ పెట్టడం మానేశాను. ఒక్కదానికి అంత ఈల ఎందుకు.

లోపల ఏదో గిన్నె కిందపడ్డ చప్పుడు. పక్కన నంబేవే అవ్వ ఉలిక్కిపడి మళ్ళీ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మదాలోకి అమ్మమ్మ, కూతురు పురిట్లో ఉంది కాబట్టి మనవరాలి దగ్గర ఈవిడే ఉంటోంది, తొమ్మిది వారాలుగా. వంటపాకలో నిప్పు చుట్టూ కూర్చున్న పిల్లల్లో మదాలో పరికిణీ అంటుకుంది, వీపు, నడుము, రెండు తొడలు, ఒంట్లో నూటికి నలభై రెండు వంతులు. నేను పళ్ళెం ఇస్తే అవ్వ మోకాళ్ళు వంచి, రెండు చేతులా అందుకుని, "మంచిది తల్లీ" అంటుంది. ఎప్పుడూ అంతే మర్యాద. ఈ మధ్య బుగ్గలు కూడా నిండాయి ఆవిడకి, ఆసుపత్రి గాలి పడిందేమో అనుకున్నాను.

పడనిది పిల్లకి. మూడు వారాలుగా నేను చేయని లెక్క లేదు. రెండు గుడ్లు మూడు చేశాను, టమాటాతో ఉడికించి అందులో వేరుశనగ పొడి రెండు గరిటెలు కలిపాను, జావలో పాలపొడి పెంచాను, కాగితం మీద ఆ పిల్ల తిండి నా తిండికంటే ఎక్కువ, అయినా తూకం తగ్గుతూనే ఉంది, చేతులు చూస్తే మోచేయి దగ్గర లావు, దాని పైన సన్నం. ఎందుకో నాకు తెలుసు, లేదా తెలుసనుకున్నాను. లిలోంగ్వే కాలేజీలో మూడో ఏడు మా సారు బోర్డు మీద చిక్కుడుగింజ లాంటి బొమ్మ గీసి, ఇది మైటోకాండ్రియా, దీన్ని కుంపటి అనుకోండి, కండలో ప్రతి కణంలోనూ ఇవి వందల కొద్దీ ఉంటాయి అన్నారు. తిన్నది అక్కడ మండుతుంది, ఆ మంటతో కండకి శక్తి వస్తుంది, నడుస్తాం, నవ్వుతాం, వేరుశనగ ఒలుస్తాం. ఒళ్ళు బాగా కాలిన పిల్లల్లో ఆ కుంపట్లు పాడవుతాయి. బొగ్గులు మండుతూనే ఉంటాయి, మామూలుకంటే ఎక్కువే మండుతాయి, కానీ మంట కుండ కిందికి వెళ్ళకుండా పక్కలనుంచి ఉత్త వేడిగా పోతుంది. గాయం మానినా ఆ వేడి ఆరదు, నెలలు, ఒక్కోసారి ఏడాది దాటి. చాలినంత తిండి లోపలికి పోకపోతే ఒళ్ళు తన కండనే విరిచి ఆ కుంపట్లో వేసుకుంటుంది. ఆ రోజు కాలేజీలో నేను చక్కగా బొమ్మ వేసుకుని, గింజకి రెండు కళ్ళు కూడా పెట్టాను. ఇప్పుడు మదాలో నిద్రపోతుండగా దాని మణికట్టు పట్టుకుంటే నాడి నిమిషానికి నూట నలభై కొట్టుకుంటుంది, పరుగెత్తుతున్న పిల్లలా, పడుకునే పరుగెత్తుతోంది, నుదురు వేడి, పక్క వేడి, దుప్పటి వేడి. అంత వేడిని పక్కన పెట్టుకుని ఒక మనిషి అలా కరిగిపోవడం చూస్తుంటే నాకు మా ఇంట్లో మంచం గుర్తొచ్చింది ఒకరోజు, ఛీ, దానికీ దీనికీ ఏం పోలిక, కాలిన పిల్ల ముందు నిలబడి మొగుడి గురించి ఆలోచిస్తావా అని నన్ను నేనే తిట్టుకుని వంటగదిలోకి పోయాను. ఇంకో గుడ్డు పెంచితే? నాలుగు. నాలుగు తినగలదా?

"చలేస్తోందా తల్లీ?" అంది అవ్వ, వాన వైపే చూస్తూ.

"లేదవ్వా."

"మీ ఆయన ఉన్నచోట ఎండ ఉంటుందిలే."

"ఉంటుంది. సరస్సు పక్కనే కదా."

అంతే మాట్లాడుకున్నాం. ఆయన పొద్దున్నే తొమ్మిదింటికి మెసేజ్ పెడతాడు, టవర్ దొరికే గుట్ట ఎక్కి, "లేచావా, నేను లేచాను" అని. ఆయన లేచిన సంగతి నాకు తెలీదని. ఈరోజు ఇంకా రాలేదు, లేదా వచ్చిందేమో, ఫోను వంటగదిలో పెట్టి వచ్చాను. చేతిలో ఉంటే చూస్తాను, చూస్తే నవ్వుతాను, నవ్వితే దొరికా చూస్తుంది.

పదింటికి ఇంకా అయిదు నిమిషాలుందనగా తలుపు తెరుచుకుంది. ఎనలేసి సిస్టర్ చేతి తొడుగులు విప్పుకుంటూ బయటికొచ్చి నా ముందు నిలబడింది.

"పదమూడు కిలోల ఎనిమిది వందలు."

నేను లేచాను. "తూకం..."

"తూకం తప్పు కాదు. రెండుసార్లు చూశాను. రేపటి ఆపరేషన్ లేదు తల్లీ, డాక్టరుగారు పేరు కొట్టేశారు. వచ్చే బుధవారం పధ్నాలుగు దాటితే మళ్ళీ రాస్తానన్నారు. దాటకపోతే ఇక ఆ కాలు అంతేనన్నారు."

నాకు తోచిందల్లా లెక్కే. రోజుకి మూడు గుడ్లు, వేరుశనగ పొడి రెండు గరిటెలు, పాలు, నూనె, అవి మండిపోతున్నాయి, అవన్నీ ఉత్త వేడిగా పోతున్నాయి, నేనెంత పోసినా ఆ కుంపటి... ఇదంతా పైకే అంటున్నానని కాసేపటికి గానీ తెలీలేదు. సిస్టర్ నన్ను వదిలేసి అవ్వ వైపు తిరిగి నడుం మీద చేతులు పెట్టుకుంది. ముప్ఫై ఏళ్ళుగా ఈ వార్డులో ఉంది ఆవిడ, బొమ్మలకి కళ్ళు పెట్టదు.

"అవ్వా, నిజం చెప్పు. తింటోందా పిల్ల?"

"తింటోంది."

"ఏం తింటోంది?"

"మొక్కజొన్న న్సిమా ముద్ద తింటోంది. జావ తాగుతోంది."

"కూర?"

అవ్వ వాన వైపు చూసింది. "కూర నేను తింటున్నా."

బల్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. "అదా సంగతి! బుగ్గలు ఊరికే వచ్చాయా మరి!" అంది దొరికా. "రోజుకి మూడు గుడ్లే! నాకు పెళ్ళప్పుడు కూడా పెట్టలేదు!"

"నవ్వండే, నవ్వండి," అంది అవ్వ, గొంతు పెంచకుండానే. "పారబోస్తే ఈ పిల్ల మనసు కష్టపడుతుంది. దాచిపెడితే పాచిపోతుంది. ముసలిదాన్ని, నాకేమవుతుందని తిన్నా. మొదటి రెండు వారాలు దానికే పెట్టా. చిక్కిపోయింది. కళ్ళ ముందే చిక్కిపోయింది. అప్పుడు తెలిసింది నాకు, ఇది చేతి ఉప్పు అని. ఆ జావ చప్పిడి కాబట్టి పోస్తున్నా."

చేతి ఉప్పు. ఆ మాట వినగానే నేను లిలోంగ్వే నుంచి, కాలేజీ నుంచి, కళ్ళున్న చిక్కుడుగింజ నుంచి ఒక్క ఉదుటున మా అమ్మమ్మ వాకిట్లో పడ్డాను. తొమ్మిదేళ్ళు నాకు. వీధిలో తాడాట ఆడుతుంటే లోపల్నుంచి కేక, "తియంజానే! ఉప్పెయ్యి రా!" ఇంట్లో తమ్ముడు పసివాడు, మా పిన్నికి కొత్తగా పెళ్ళయింది, కూర వండేది పిన్నే, కానీ ఉప్పు మాత్రం వెయ్యదు. మొగుడితో కాపురం చేస్తున్న మనిషి వేడి మనిషి, పసివాళ్ళూ జబ్బుపడ్డవాళ్ళూ చల్లని మనుషులు, వేడి చేతి ఉప్పు చల్లని కడుపులో పడితే ఆ బిడ్డ లోపల్నుంచి తెగి, సన్నబడి, కరిగిపోతుంది. అందుకని చల్లని చెయ్యి కావాలి, పిల్లదో, మొగుడు లేని ముసలిదో. ఆ చెయ్యి నాది. కాళ్ళకి మట్టితో పరుగెత్తుకుంటూ వెళ్ళి, అందరూ ఆగి చూస్తుండగా, చిటికెడు వేసి, పెద్ద పని చేసినట్టు చేతులు దులుపుకుని మళ్ళీ తాడాటకి పోయేదాన్ని. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ, పెళ్ళయిన మూడో వారం నుంచి, పెళ్ళి కొత్త కూడా పోని చేతులతో, ఆ వార్డు మధ్యలో నిలబడి, అవ్వ చూస్తుండగా, పాడుకుంటూ ఉప్పు వేశాను. వేసి, మొన్న శనివారం మా ఆయన వచ్చాడని చెప్పాను.

"అవ్వా, అది ఉప్పు వల్ల కాదు," అన్నాను. "కాలిన పిల్లలకి లోపల కండలో మంట ఆరదు. తిన్నది శక్తి కాకుండా వేడి అయిపోతుంది. అందుకే చిక్కుతోంది, అందుకే ఎక్కువ తినాలి..."

"నేనూ అదేగా చెప్తున్నా. వేడి." అవ్వ మొదటిసారి నా మొహంలోకి చూసింది. "లోపల మండిపోతోందని నువ్వే అంటున్నావు. ఆ మంట మీదికి ఇంకో మంట తెచ్చి పోస్తానంటావు."

ఇద్దరం ఒక పిల్లనే చూశాం, ఒకే కరగడం చూశాం, ఆవిడ తన లెక్క ప్రకారం పళ్ళెం పక్కన పెట్టింది, నేను నా లెక్క ప్రకారం పళ్ళెం నింపాను, మధ్యలో పిల్ల తన తొడ కండ తనే తింటూ పడుకుంది.

ఎనలేసి సిస్టర్ సర్దబోయింది. "సరే అవ్వా, ఉప్పు లేకుండా వండిస్తాం, నువ్వే వేసుకో."

"ఆ కూర కుండకీ గరిటెకీ ఇన్నాళ్ళుగా పట్టిన ఉప్పు ఎవరి చేతిది?"

"పోనీ నేను వండుతా."

"నీ మొగుడు ఇంట్లోనే ఉన్నాడు కదా సిస్టర్!" అంది దొరికా, అందరూ మళ్ళీ నవ్వారు.

"బయట తోడుగా వచ్చినవాళ్ళ పాకలో నువ్వే వండుకో అయితే, గుడ్లు నేనిప్పిస్తా."

"పాకలో ముప్ఫైమందికి నిప్పు ఒకటే. ఎవరి చెయ్యి ఎలాంటిదో ఎవరి మొహం మీద రాసుంది? న్సిమాలో ఉప్పుండదు కాబట్టి వండుతున్నా." అవ్వ గడ్డంతో నన్ను చూపించింది. "నాకు మాత్రం ఆ కాలు వద్దా? వారం వారం మొగుడొచ్చిపోయే పిల్ల ఎంత మంచిదైనా, ఆ చేతి కూర మనవరాలికి నేనెట్లా పెట్టేది?"

ఏమీ చెప్పకుండా ఊరుకోవచ్చు. సిస్టర్ గట్టిగా ఆర్డరు వేయొచ్చు, అవ్వ మోకాళ్ళు వంచి మంచిది తల్లీ అనొచ్చు, పళ్ళెం మళ్ళీ అవ్వ ఒళ్ళోకే పోవచ్చు. బల్ల మీద ఎనిమిదిమంది ఆడవాళ్ళు, దొరికా ఇంకా నవ్వు మొహంతోనే ఉంది. ఒక్క వారం. ఏడు రోజులు, ఇరవై ఒక్క గుడ్లు. నా రెండు చితెంజేలూ దగ్గరికి లాక్కున్నాను.

"రాలేదవ్వా."

"ఏంటి?"

"ఆయన రాలేదు. ఏడు వారాలైంది. ఒక్క శనివారం కూడా రాలేదు."

వాన చప్పుడు లేదు, అది చప్పుడు చేసే వాన కాదు. దొరికా నోరు తెరిచింది. "మరి చేపలు?"

"సంతలో కొన్నా."

"కుళాయి?"

"ఇంకా కారుతోంది."

ఎవరూ నవ్వలేదు. నవ్వుంటే బాగుండేదేమో. అవ్వ నా మొహాన్ని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు చూసింది, మాటలో నిజం ఉందా లేదా అని, తర్వాత వేళ్ళు మడుస్తూ వారాలు లెక్కపెట్టింది, ఒకటి, రెండు, మూడు, నేను ఒక్కో వేలికీ ఒక్కో శనివారాన్ని చూశాను, బస్టాండు వైపు కిటికీ, కోటు గోడ, చల్లారిన కెటిల్, ఏడో వేలు దగ్గర ఆగింది.

"అయితే చల్లనిదానివే," అంది.

ఎంత మామూలుగా అందో. ఒక ముసలావిడ, నలుగురి ముందు, నా కాపురం సంగతి తేల్చి చెప్పేసింది. పెళ్ళయిన పది వారాలకే నేను మా అమ్మమ్మ వాకిట్లోని తొమ్మిదేళ్ళ పిల్లతో, మొగుళ్ళు పోయిన ముసలమ్మలతో ఒక్క వరసలో నిలబడ్డాను. ఏడుపొచ్చింది, అదే క్షణంలో ఇరవై ఒక్క గుడ్లు, ఇరవై ఒక్క గుడ్లు అని లోపల ఎవరో గంతులు వేస్తున్నారు.

"ముందే ఏడవచ్చు కదే పిచ్చిదానా," అంది దొరికా, కోపంగా. "ఆదివారాలు మా పాకలోకొచ్చి కూర్చునేదానివి. ఒక్కదానివే ఆ ఇంట్లో ఏం చేస్తావు?"

"పడుకుంటాను," అన్నాను. అది కూడా అబద్ధమే, కానీ చిన్నది.

మదాలోకి పూర్తిగా మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. నిన్న రాత్రి నుంచి ఏమీ తినలేదు, కళ్ళు తెరవగానే ఆకలి అంది, ఆ తర్వాతే నొప్పి అంది. నేను వండుతున్నంతసేపూ అవ్వ వంటగది గడప మీదే కూర్చుంది, గుడ్లు కొట్టడం, పొడి కలపడం, ఉప్పు వెయ్యడం అన్నీ చూసింది, నేను భయపడి సగం చిటికెడే వేశాను. ఈసారి పళ్ళెం రెండు చేతులా అందుకోలేదు, ఒక చేత్తో తీసుకుని, రెండో చేత్తో నన్ను భుజం పట్టి చాప మీదికి లాగింది. న్సిమా ముద్ద వేళ్ళతో నొక్కి, కూరలో ముంచి, మనవరాలి నోటికి అందించింది. నేను మనసులో ముద్దలు లెక్కపెడుతున్నాను. ఆ కాస్తా ఎక్కడికి పోతుందో నాకు తెలుసు, చాలావరకు వేడై దుప్పట్లోకి పోతుంది, అయినా కొంత మిగులుతుంది, కొంత మిగిలి తీరాలి. ఆరు. ఏడు. "మీ ఆయన ఈ శనివారం వస్తాడా?" అంది అవ్వ, ముద్ద చేస్తూ.

"తెలీదవ్వా."

"వస్తే ముందురోజే నాకు చెప్పు. సిగ్గుపడకు. ఆ రోజు నుంచి ఎవరో ఒక చల్లని చేతిని వెతుక్కుంటాం." ఇంకో ముద్ద నొక్కుతూ, "రావాలిలే. రాకుండా ఎట్లా," అంది. వస్తే బాగుండు అనుకున్నాను, బుధవారం దాటాక వస్తే బాగుండు అని కూడా అనుకున్నాను, జీవితంలో మొదటిసారి లుసుంగు ఆలస్యం కావాలని కోరుకున్నాను. పది. పదకొండు. మదాలో నమలడం ఆపి, మూతి పక్కకి తిప్పి, నన్ను తప్పు పట్టింది.

"గుడ్లమ్మా, ఉప్పు చాల్లేదు."

అవ్వ చెయ్యి గాల్లోనే ఆగింది. తర్వాత ఆవిడ వంగి, తన చాప కింద గుడ్డలో మూటగట్టి పెట్టుకున్న సొంత ఉప్పు తీసి, ముడి విప్పి, నా ముందు పెట్టింది.

"చూస్తావేంటి? పిల్ల అడుగుతోంది, వెయ్యి."